నల్లేరు పొడి పాలలో కలిపి ఇస్తే గొంతు ఎందుకు పట్టేసింది?

ప్రశ్న: మా అత్తగారికి 64 ఏళ్లు. మూడు వారాల కిందట బాత్‌రూమ్‌లో కాలు జారి, చెయ్యి ఆనించి పడ్డారు. ఎడమ మణికట్టు దగ్గర ఎముక విరిగింది. పిండికట్టు వేసి, ఆరు వారాలు ఉంచాలన్నారు. నల్లేరు ఎండబెట్టి, పొడి కొట్టి పాలలో కలిపి తాగిస్తే ఎముక తొందరగా అతుకుతుందని పక్కింటి పిన్నిగారు చెబితే అలాగే చేశాను. రెండు గుక్కలు తాగేసరికే గొంతులో ముళ్లు గుచ్చుకున్నట్టుందని గ్లాసు పక్కన పెట్టేశారు. మర్నాటి దాకా అన్నం మింగలేకపోయారు. మిగిలిన కాడలతో పచ్చడి చేస్తే అదీ దురదే. తరిగిన నా చేతులు రాత్రంతా మండాయి. ఆవిడకు షుగరుంది, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడతారు. మా వారికి పోయిన వేసవిలో కిడ్నీలో రాయి వచ్చింది. అసలు నల్లేరు పనిచేస్తుందా? పచ్చడి దురద లేకుండా ఎలా చేయాలి? దాని బదులు మాత్రలు వేయొచ్చా?
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, ఆ పొడి ఇక ఇవ్వకండి. మళ్లీ ఎప్పుడైనా ఇలా గొంతు పట్టేస్తే చల్లటి గడ్డపెరుగో, పుల్ల మజ్జిగో కొంచెం కొంచెంగా చప్పరించమనండి. వేడి కాఫీ, టీలు ఆ పూటకి వద్దు. ఒక రోజులో సర్దుకుంటుంది. పెదాలు, నాలుక వాచినా, గొంతు బొంగురుపోయినా, ఊపిరి ఆడనట్టు అనిపించినా ఇంటి వైద్యం మానేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చేతులు మండితే ముందు నీళ్లతో, సబ్బుతో కడగండి. ఇంకా మండుతుంటే కొబ్బరినూనె రాసి, చింతపండు గుజ్జు పట్టించి, మళ్లీ కడగండి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు గానీ, నల్లేరు దురద ముందు అంటుకునేది కత్తిపీట ముందు కూర్చున్నవాళ్లకే.

ఇక ఆ దురద సంగతి. నల్లేరు కాడలో కాల్షియం ఆక్సలేట్ సన్నటి సూదుల కట్టల్లా ఉంటుంది. కంటికి కనిపించవు. చేమదుంపలో, కందలో దురద పెట్టేవీ ఇవే. కాడను కోసినా, నలిపినా ఆ కట్టలు విడిపోయి చర్మంలో, గొంతు పొరలో దిగుతాయి. ఎండబెడితే నీరు పోతుంది గానీ సూదులు ఎక్కడికీ పోవు. పైగా మిక్సీలో పొడి కొడితే ప్రతి చెంచాలోకీ సమంగా చేరతాయి. పాలలో పులుపు లేదు, వాటిని వేయించిందీ లేదు. అంటే పచ్చి నల్లేరునే, ఇంకా మెత్తగా చేసి, నేరుగా గొంతులో పోసినట్టయింది. మాటవరసకి నల్లేరు మీద బండి నడక సుఖమే గానీ, గొంతు మీద నల్లేరు నడక అంత సుఖం కాదు.

ఇక్కడే ఇంకో సంగతి ఉంది. ‘నల్లేరు నిండా కాల్షియమే, అందుకే ఎముక అతుకుతుంది’ అని అందరూ చెబుతారు. కాల్షియం ఉన్నమాట నిజం. కానీ అందులో చాలా భాగం ఆ సూదుల రూపంలోనే ఉంది. ఆక్సలేట్‌తో ముడిపడిన కాల్షియాన్ని మన పేగు సరిగా పీల్చుకోలేదు. గొంతులో గుచ్చుకున్నదీ, ఎముకకు బలమని మీరు లెక్కేసుకున్నదీ ఒకటేనన్నమాట. కాబట్టి కాల్షియం కోసం నల్లేరు తినడం లెక్క ప్రకారం నష్టం బేరమే.

అలాగని ఇది ఉత్త మూఢనమ్మకం కాదు. సంస్కృతంలో దీని పేరు అస్థిసంహార, హిందీలో హడ్‌జోడ్, అంటే ఎముకను అతికించేది. ఆయుర్వేదంలో విరిగిన ఎముకలకు ఇచ్చే లాక్షాది గుగ్గులులో ఇదీ ఒక దినుసు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో డాక్టర్ కె.ఎన్. ఉడుప బృందం 1960ల్లో జంతువుల మీద పరీక్షించి, విరిగినచోట కొత్త ఎముక కట్టడం కొంత త్వరగా మొదలవుతోందని చూపించింది. ఆ తర్వాత దవడ ఎముక విరిగిన కొద్దిమంది రోగుల మీద కూడా చిన్న చిన్న పరీక్షలు జరిగాయి, వాపూ నొప్పీ త్వరగా తగ్గాయన్నారు. ఆశ కలిగించే ఫలితాలే. కానీ మీ అత్తగారి వయసువాళ్ల మణికట్టు ఫలానా రోజులు ముందుగా అతుకుతుందని చెప్పేంత గట్టివి కావు. మొలలకు దివ్యౌషధమని కూడా ప్రచారం ఉంది. థాయ్‌లాండ్ వైద్యులు ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూస్తే తేడా కనిపించలేదని 2010లో ప్రచురించారు. ఎముకల సంగతిలో తలుపు తెరిచే ఉంది, మొలల సంగతిలో దాదాపు మూసుకుంది.

మణికట్టు ఎముక సరిగ్గా కూర్చోబెట్టి కట్టు వేస్తే, నల్లేరు తిన్నా తినకపోయినా, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అతుకుతుంది. ఈలోగా ఆవిడ చేయాల్సిన అసలు పని వేళ్లు కదపడం. కట్టు బయట ఉన్న వేళ్లను పూర్తిగా ముడవడం, పూర్తిగా చాపడం, గంటకు పదిసార్లు. మోచెయ్యి, భుజం కూడా రోజుకు మూడు నాలుగుసార్లు పైకెత్తి దించాలి. కట్టు విప్పాక ‘ఎముక అతికింది గానీ పిడికిలి పడట్లేదు’ అని బాధపడేవాళ్లలో ఎక్కువమంది ఈ ఆరువారాలూ చేతిని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాళ్లే. ఆ చేతికి గాజులు, ఉంగరం ఉంటే తీసేయండి. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి తగ్గకపోగా పెరుగుతున్నా ఆ రోజే కట్టు వేసిన డాక్టరుకు చూపించాలి. నల్లేరు ముద్ద నూరి పిండికట్టు సందుల్లోంచి లోపలికి దూర్చడం, ‘నల్లేరు కట్టు వేయిద్దాం’ అని మధ్యలో పిండికట్టు విప్పించడం, రెండూ వద్దు. మొదటిదానికి కట్టు కింద చర్మం పుండవుతుంది, రెండోదానికి సర్దిన ఎముక జరుగుతుంది.

మీరు ఉత్తరంలో అడగని ప్రశ్న ఒకటుంది. నిలబడిన ఎత్తునుంచి పడితేనే 64 ఏళ్ల మనిషికి మణికట్టు ఎందుకు విరిగింది? ముట్లుడిగిన ఆడవాళ్లలో ఇలాంటి విరుపు చాలాసార్లు ఎముకలు గుల్లబారాయనడానికి మొదటి కబురు. ఈసారి మణికట్టు, మళ్లీ పడితే తుంటి కావచ్చు. కట్టు విప్పే రోజున డాక్టరు గారిని డెక్సా స్కాన్ గురించి మీరే అడగండి. తుంటి, వెన్ను ఎముకల సాంద్రత కొలుస్తారు. కాగితం మీద టి-స్కోరు మైనస్ 2.5 గానీ, అంతకంటే కిందికి గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టే. దానికి వేరే మందులున్నాయి, పచ్చడితో పోయేది కాదు. దాంతోపాటు రక్తంలో విటమిన్ డి కూడా చూపించండి. గుంటూరులో ఎండకు కరువా అనుకోకండి. ఎండ ఊరినిండా ఉన్నా, ఇంటిపట్టున ఉండే పెద్దవాళ్ల ఒంటిమీద పడేది తక్కువ.

ఆవిడ జారిన వేళ కూడా గుర్తు చేసుకోండి. తెల్లవారుజామునో, భోజనం ఆలస్యమైన పూటో అయితే షుగరు పడిపోయి కళ్లు తిరిగి ఉండొచ్చు. గ్లిమెపిరైడ్‌తో ఆ ఇబ్బంది ఉంది. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బి12 తగ్గి అరికాళ్లు తిమ్మిరెక్కడం, నేల సరిగా తెలియకపోవడం కూడా మామూలే. బి12 పరీక్ష ఒకటి రాయమనండి. బాత్‌రూమ్‌లో గోడకు గట్టి పట్టుకమ్మీ, కింద జారని మ్యాటు ఈ వారమే పెట్టించండి.

కాల్షియం ఎలాగూ కావాలి. ముట్లుడిగిన ఆడవాళ్లకు రోజుకు 1200 మిల్లీగ్రాములు అవసరమని 2020లో భారత వైద్య పరిశోధన మండలి చెప్పింది. 200 మిల్లీలీటర్ల గ్లాసు పాలలో సుమారు 240 వస్తుంది. 50 గ్రాముల రాగిపిండి జావలో 180 దాకా ఉంటుంది. నువ్వులు 100 గ్రాములకు వెయ్యి పైమాటే, కానీ అందులోనూ కొంత ఆక్సలేట్ పట్టుకుని ఉంచుతుంది. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు చాలకపోతే మిగతాది డాక్టరు మాత్రలతో పూరిస్తారు. ఇప్పటికే కాల్షియం మాత్రలు రాసి ఉంటే, వాటి మీద ఇంకోటి మీరు కొనకండి.

పచ్చడి మాత్రం దురద లేకుండా చేసుకోవచ్చు. మందుగా కాదు, రోలుపచ్చళ్లలో ఒకటిగా. అది దురద పెట్టిందంటే సాధారణంగా నాలుగుచోట్ల తేడా వచ్చి ఉంటుంది: ముదురు కాడలు వాడడం, కణుపులు తీయకపోవడం, సరిగా వేగకముందే దించడం, చింతపండు చివర్లో పచ్చిగా నూరడం.

తీగ కొసన ఉన్న రెండు మూడు కణుపుల మేర లేత కాడలే తీసుకోండి. వంచితే టప్పున విరగాలి, పీచు వేలాడకూడదు. అంచులు గరుకుగా, బెరడు కట్టినట్టు ఉంటే పారేయండి. తరిగేముందు మోచేతుల దాకా నువ్వులనూనె రాసుకోండి, గ్లౌజులుంటే ఇంకా మంచిది. ప్రతి కణుపునూ ఇటు అటు కాస్త వదిలి కోసి తీసేయాలి. పీచూ, దురదా అక్కడే ఎక్కువ. ఆకులు, నులితీగలు తుంచేయండి. చిక్కుడుకాయకు ఈనె లాగినట్టు నాలుగు అంచులూ పై నుంచి కిందికి లాగితే నార వచ్చేస్తుంది. తర్వాత అర అంగుళం ముక్కలుగా తరిగి, ఉప్పు వేసిన పుల్లటి మజ్జిగలో 20 నిమిషాలు ఉంచి, ఆ మజ్జిగ పారబోసి, ముక్కలు గుడ్డమీద తడి ఆరనివ్వండి.

వంద గ్రాముల ముక్కలకు మూడు పెద్ద చెంచాల నువ్వులనూనె. నూనె తగ్గించి చేస్తే పైపైన మాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. మూకుట్లో సన్నసెగ మీద 12 నుంచి 15 నిమిషాలు వేయించాలి. గడియారం కంటే రంగును నమ్మండి. ముదురాకుపచ్చ పోయి ఎండిన ఆకు రంగుకు రావాలి, ముక్క సగానికి సగం కుంచించుకుపోవాలి, పచ్చివాసన పూర్తిగా పోవాలి. చాలామంది ఐదు నిమిషాలకే వేగిందనుకుని దించేస్తారు, దురద అక్కడే మిగులుతుంది. అప్పుడు పెద్ద నిమ్మకాయంత చింతపండు కొద్ది నీళ్లలో నానబెట్టి, ఆ గుజ్జు అదే మూకుట్లో పోసి, మూడు నాలుగు నిమిషాలు ముక్కలతో కలిపి ఉడికించండి. మీ పచ్చడిలో తప్పిపోయిన మెట్టు ఇదే కావచ్చు. పులుపు వేడిమీద ముక్కలోకి దిగాలి. చింతపండును తర్వాత రోట్లో పచ్చిగా కలిపి నూరితే పైన పూసినట్టే ఉంటుంది. వేడి ఒక్కటే, పులుపు ఒక్కటే ఆ దురదను చంపలేవు. నూనె, సెగ, పులుపు మూడూ కలవాలి.

పోపుకు ఎండుమిర్చి ఎనిమిది, మినప్పప్పు ఒక పెద్ద చెంచా, ధనియాలు ఒక చిన్న చెంచా, జీలకర్ర అర చెంచా వేయించుకోండి. నువ్వులు రెండు పెద్ద చెంచాలు విడిగా, నూనె లేకుండా. ముందు ఈ పొడి దినుసులు, ఉప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచి, ఆఖర్న నల్లేరు ముక్కలు వేసి కచ్చాపచ్చాగా నూరండి. నీళ్లు పోయొద్దు. ఇంటిల్లిపాదికీ పెట్టేముందు ఆవగింజంత నాలుక కొసన పెట్టుకుని ఐదు నిమిషాలు ఆగండి. మనవాళ్లకు ఇక్కడో చిక్కుంది. గుంటూరు కారానికి అలవాటుపడిన నోరు దురదను కూడా మిర్చి మంటే అనుకుంటుంది. మిర్చి మంట నోరంతా పరుచుకుని, మజ్జిగ తాగితే పది నిమిషాల్లో తగ్గుతుంది. నల్లేరుది అలా కాదు, ఒకేచోట గుచ్చుతుంది, గుటక వేసినప్పుడల్లా పెరుగుతుంది. గుచ్చినట్టుంటే ఇంకొంచెం చింతపండు గుజ్జు పోసి మళ్లీ సెగమీద పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే కాడ ముదిరిందన్నమాట, మొహమాటపడకుండా పారేయండి.

వారానికి ఒకటి రెండుసార్లు, పూటకు రెండు చెంచాలు, వేడన్నంలో నెయ్యితో, పైన పెరుగన్నం. అంతకుమించి తింటే కడుపులో మంట, కొందరికి విరేచనాలు. మీ అత్తగారికి గొంతు పూర్తిగా కుదుటపడ్డాకే, ఇష్టమైతేనే. మీవారికి మాత్రం వద్దే వద్దు. కిడ్నీలో వచ్చే రాళ్లలో ఎక్కువవి కాల్షియం ఆక్సలేట్‌వే. మన ఎండల్లో ఒళ్లు చెమటకే ఎండిపోతుంటే, దానిమీద ఆక్సలేట్ వేయడం కోరి రాయి తెచ్చుకోవడమే. కడుపుతో ఉన్నవాళ్లకూ ఇది పెట్టకూడదు, ముట్టు రప్పించడానికి వాడిన తీగ ఇది.

మాత్రల మాట వేరు. పచ్చడిలో రెండు చెంచాలకు వచ్చేది కొంచెమే. మాత్రలో, క్యాప్సూల్‌లో ఉండేది చిక్కగా తీసిన సారం, ఒక్కో కంపెనీది ఒక్కో మోతాదు. నల్లేరు సారానికి రక్తంలో చక్కెర తగ్గించే గుణం కనిపించింది. గ్లిమెపిరైడ్ కూడా అదే పని చేస్తుంది. రెండూ కలిసి చక్కెర పడిపోతే ఆవిడ మళ్లీ బాత్‌రూమ్‌లో పడతారు, దేనికోసం మందు వేశామో అదే మళ్లీ జరుగుతుంది. కాబట్టి మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. ఆయుర్వేద వైద్యులు రాసినా, షుగరు మందులు రాసే డాక్టరుకు ఆ డబ్బా చూపించండి. ఇద్దరూ సరేనంటే మొదటి రెండు వారాలు ఇంట్లో గ్లూకోమీటరుతో పరగడుపున, భోజనానికి ముందు చూసుకుంటూ ఉండాలి. చెమటలు, వణుకు, ఆకలి, తికమక కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి.

కాడలు ఎక్కడివో కూడా చూసుకోండి. కంచెల మీద, జెముడు పొదల మీద పాకేది నల్లేరొక్కటే కాదు. నల్లేరు కాడ పలకలు తేలి, కణుపు కణుపుకీ నొక్కినట్టుంటుంది, కణుపు దగ్గర నులితీగ ఉంటుంది, ముళ్లుండవు. విరిస్తే జిగటగా నీళ్లలాంటి రసం వస్తుంది. తెల్లటి పాలు కారితే అది జెముడు జాతి, నోట పెట్టకూడదు, చేతులు వెంటనే కడిగి కళ్లకు తగలకుండా చూసుకోండి. మన చుట్టుపక్కల ఇంకో బెడద ఉంది. మిర్చి, పత్తి చేల గట్ల మీది తీగకు చేను మీద కొట్టిన మందంతా అంటుతుంది. కాడ నున్నగా ఉందని కడిగితే పోతుందనుకోకండి, చేలగట్టుది కోయనే వద్దు.

అంతకంటే డాబామీద ఒక కుండీ సులువు. రెండు మూడు కణుపుల ముక్క కోసి, నీడలో మూడురోజులు పడేస్తే కోసినచోట ఎండుతుంది. తర్వాత ఒక కణుపు మట్టిలోకి, మిగతాది పైకి ఉండేలా నాటండి. ఉత్త నల్లరేగడి వేస్తే నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. సగం ఇసుక కలపండి. ఎండ తగలాలి, నీళ్లు వారానికి ఒకసారి చాలు, వానాకాలంలో అదీ అక్కర్లేదు. చచ్చేది నీళ్లు లేక కాదు, ఎక్కువై. ఒక కర్ర పాతితే దానిమీదికే పాకుతుంది. రెండు అడుగులు పెరిగాక కొసలు తుంచుతూ ఉంటే ఎప్పటికప్పుడు లేత చివుళ్లు వేస్తుంది, ముదురు కాడలతో మీకు పనే ఉండదు.

ఇంట్లో మిగిలిన ఆ పొడి డబ్బా ఇక పారేయండి. వేయించకుండా ఎండబెట్టిన పొడి ఎన్నాళ్లు నిలవున్నా అలాగే గుచ్చుతుంది. పిన్నిగారి దగ్గర ఇంకా ఉంటే ఆవిడకూ ఒక మాట చెప్పండి, రేపు ఇంకెవరి పాలగ్లాసులోకో వెళ్లకుండా.